శేషం యాభై ఎనిమిది

2025 నవంబరు 11, మంగళవారం. పొద్దున, కిటికీ పక్క బల్ల దగ్గర.

ఈ వీలునామా ఇవాళే ఎందుకు రాస్తున్నానో ముందు చెప్పి, తర్వాత చట్టం మాటల్లోకి దిగుతాను. నిన్న క్లినిక్కులో నా చేతికి ఒక కాగితం ఇచ్చారు. దాని నిండా అంకెలు. నా గుండె గురించి డాక్టరు నా కొడుక్కి రాసిన నివేదిక అది. మోసుకెళ్ళే నేను చదవకూడదని అంకెల్లో రాశారు. మందుల కౌంటరు దగ్గర నా వంతు వచ్చేలోపు, బిల్లు వెనక పెన్సిలుతో లెక్క చేసి చదివేశాను. గుండె కవాటం పాడైందనీ, ఈ వయసులో కోయడానికి వీల్లేదనీ, ఆరు నెలలు గడిస్తే గొప్పనీ ఉంది. చివరి వాక్యం ఇది: 'మీరు కోరినట్టే ఆవిడకు చెప్పలేదు.' అంటే పోయిన వారం పరీక్షలు చేసినప్పుడే వాడికి నోటితో చెప్పేశారు.

చావు నాకు పక్కవీధి మనిషి లాంటిది. చాలాకాలంగా మొహం తెలుసు, పలకరింపే లేదు. నన్ను కుదిపింది అది కాదు. ఆ కాగితం అంత తేలిగ్గా విడిపోవడం. మాటలను అంకెల్లో దాచే ఆ తాళాన్ని తెలుగుకు సరిపెట్టింది నేను, పాడు చేసింది నా కొడుకు, నా పేరు చెప్పి ఊరంతా అమ్ముతున్నదీ వాడే. నలభై ఏళ్ళు పరీక్ష పేపర్లు దిద్దినదాన్ని, అసహ్యం నాకు పాత చుట్టమే అనుకునేదాన్ని. నిన్న దాని అసలు మొహం చూశాను.

ఇక ప్రకటన. మహిళా కళాశాలలో గణితం చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నదాన్ని, తంతి ఆఫీసులో పనిచేసి కాలం చేసిన మనిషి భార్యను, ఒక కొడుకునూ ఒక కూతురినీ కన్నదాన్ని అయిన నేను, ఎవరి బలవంతం, ఎవరి బుజ్జగింపు లేకుండా, పూర్తి తెలివితో నా ఆస్తి గురించి ఇందుమూలంగా రాస్తున్నాను. ఇంతకు ముందు రాసినవి చెల్లవు. నా బుద్ధి సరిగ్గా ఉందనడానికి డాక్టరు సర్టిఫికెట్ జత చేయడం లేదు. ఆ డాక్టరు రాత నేను చదివాను. బదులుగా అయిదో అంశంలో ఒక లెక్క చేసి చూపించాను. అందులో తప్పు పట్టగలిగినవాళ్ళు ఈ వీలునామాను కోర్టులో సవాలు చేయవచ్చు. పట్టలేనివాళ్ళు నోరు మూసుకోవాలి.

1. అమలుదారు. ఈ వీలునామాను అమలు చేసే అధికారం నా కోడలికి ఇస్తున్నాను. కొడుక్కి కాదు, కూతురికి కాదు, కోడలికే. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదవనక్కర్లేదు. ఆమెకూ నాకూ పడదని వీధి చివరి ఇస్త్రీ దుకాణం దాకా తెలుసు. వచ్చిన ఏడాదే వంటింటి అరలన్నీ తన పద్ధతిలో సర్దేసి, 'అత్తయ్యా, మీరు లెక్కలు చూసుకోండి, గిన్నెలు నేను చూసుకుంటా' అంది. ఆ మాట మరిచిపోలేదు, మరిచిపోను. కానీ నిన్న సాయంత్రం ముగ్గురినీ విడివిడిగా ఒకే ప్రశ్న అడిగాను: డాక్టరు ఏమన్నాడు? నా కొడుకు, 'గ్యాసేనమ్మా, ఏం లేదు, రాత్రిళ్ళు కాస్త తక్కువ తిను' అన్నాడు. కూతురు ఫోన్లో ఏడుస్తూ తను ఏడవడం లేదని చెప్పింది. కోడలు ఒక్కతే స్టవ్ ఆపి, నా ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుని, 'మీకు చెప్పొద్దన్నాడు అత్తయ్యా. అబద్ధం మాత్రం నా నోట రాదు. దయచేసి అడక్కండి' అంది. అడగలేదు. తాళాలు అలాంటి చేతికే ఇవ్వాలి.

2. ఆస్తి వివరం. నా జీతంతో, మా ఆయన జీతంతో కట్టిన రెండంతస్తుల ఇల్లు. పై భాగంలో మేము ఉంటున్నాం. కింది భాగంలో నా కొడుకు కంపెనీ ఉంది. ఇల్లు నా స్వార్జితం, నా పేరు మీదే ఉంది, దాని మీద అప్పు లేదు. ఇంటి మీద నాకున్న ఒకే బాధ, కింది భాగం గుమ్మానికి తగిలించిన బోర్డు. దాని సంగతి ఆరో అంశంలో వస్తుంది.

పై భాగం నా తదనంతరం కోడలికి సర్వహక్కులతో చెందాలి. వంటింట్లోంచి నన్ను ఖాళీ చేయించింది కాబట్టి ఎలాగూ ఆమెదే. నేను కాగితం రాస్తున్నానంతే.

3. కూతురికి నా గాజులు, గొలుసు, చెవిదుద్దులు. తను ఏడవడానికి ఒక కారణం అక్కర్లేదని తెలుసు, అయినా ఇది కారణంగా పెట్టుకోవద్దు. వారం రోజులుగా రోజూ వచ్చి అడక్కుండానే నా కాళ్ళు నొక్కుతోంది, కూరల్లో ఉప్పు తగ్గించేసింది. గుట్టు దాచే పద్ధతి అది కాదమ్మా. ఇంటి గుట్టు లంకకు చేటంటారు. మన ఇంటి గుట్టు ఉప్పు డబ్బాకే తెలిసిపోయింది. గాజులతో పాటు నా ఉన్ని శాలువా కూడా. చిన్నప్పుడు జ్వరం వస్తే దాన్నే కప్పమనేది. ఇప్పటికీ దాని అంచు పళ్ళతో కొరికిన చోట ఊడి ఉంది. కుట్టించలేదు. కుట్టించవద్దు.

4. ఈ తాళం ఎలా పుట్టిందో వారసులకు తెలియాలి. తెలియకపోతే ఎవరికి ఏది ఎందుకు ఇచ్చానో అర్థం కాదు.

పెళ్ళయిన కొత్తలో మా ఆయనకు వేరే ఊళ్ళో ఉద్యోగం. నేను అత్తగారింట్లో ఉండి ఎమ్మెస్సీ చదువుతున్నాను. వచ్చిన ప్రతి ఉత్తరాన్నీ మా మామగారు విప్పి, చదివి, తప్పులు ఎర్ర సిరాతో దిద్ది నా చేతికి ఇచ్చేవారు. చెడ్డవారు కారు. ఇంట్లోకి వచ్చే ప్రతి కాగితం తన చేతి మీదుగా పోవాలన్న నియమం ఆయనది. 'నువ్వు లేక తోచడం లేదు' అని మా ఆయన రాస్తే, పక్కన ఎర్ర సిరాతో 'పని మీద దృష్టి పెట్టు' అని ఉండేది.

అప్పుడు మాత్రికల పాఠం నడుస్తోంది. నాలుగు అంకెలను రెండు వరసల్లో పెట్టిన చిన్న పెట్టె అనుకోండి. రెండు అక్షరాలను రెండు అంకెలుగా మార్చి ఆ పెట్టెతో గుణిస్తే వేరే రెండు అంకెలు వస్తాయి. పెట్టె తెలిసినవాడు దాన్ని తిరగేసి గుణిస్తే పాత అక్షరాలు వస్తాయి. తెలియనివాడికి అంకెల చెత్త. దీనితో మాటలు దాచవచ్చని ఒక పుస్తకంలో చూశాను. ఎవరో నేసిన బట్ట అది. తెలుగు ఒంటికి కుట్టింది మాత్రం నేను.

తర్వాతి నెల నుంచి ఉత్తరాల్లో అంకెలు వచ్చాయి. మా మామగారు చూసి, 'కోడలికి లెక్కలు నేర్పుతున్నాడు' అని వీధంతా చెప్పుకున్నారు. అంతటితో ఆగలేదు. ప్రతి ఉత్తరం కింద ఎర్ర సిరాతో మొత్తం కూడి వేసేవారు. ఒకసారి మా ఆయన నాలుగు పేజీలు రాస్తే, కూడికలో ఒకటి తేడా వచ్చిందని రెండుసార్లు కూడారు. అలా మొత్తం వేయించుకున్న ప్రేమలేఖలు లోకంలో ఇంకెవరి దగ్గరా ఉండవు.

5. లెక్క. తెలుగు అక్షరాలు యాభై ఆరు. 'అ'కు సున్నా, 'ఆ'కు ఒకటి, అలా చివరి 'ఱ'కు యాభై అయిదు. హల్లునూ అచ్చునూ విడదీసి రాయాలి. 'ర' అంటే ర, అ. యాభై ఆరుతో ఒక చిక్కుంది. అది రెండుతోనూ ఏడుతోనూ తెగుతుంది. పెట్టెకు నిర్ధారకం అని ఒక అంకె ఉంటుంది. అది కూడా రెండుతోనో ఏడుతోనో తెగితే ఆ పెట్టె తిరగబడదు. మాట లోపలికి పోతుంది గానీ బయటికి రాదు.

అందుకని మూడు గుర్తులు కలిపి యాభై తొమ్మిది చేశాను. యాభై తొమ్మిది దేనితోనూ తెగదు. మాటకూ మాటకూ మధ్య ఖాళీకి యాభై ఆరు, వాక్యం చివరి చుక్కకు యాభై ఏడు. మూడోదానికి అర్థం ఏమీ లేదు. సంఖ్య కుదరడం కోసం పెట్టాను. యాభై ఎనిమిది.

అర్థం లేని దాన్ని మా ఆయన వాడడం మొదలుపెట్టారు. మాట మధ్యలో ఒక యాభై ఎనిమిది, పేరా చివర రెండు. ఇదేమిటి, చదివితే ఏమీ రావడం లేదని రాశాను. జవాబు వచ్చింది: 'అక్కడ ఆగాను.' అంతే రాశారు. ఆగి ఏం చేశారని నేను అడగలేదు. లెక్కల మనిషినైనా అంత మొద్దును కాను.

పిల్లలు పుట్టాక వాళ్ళకోసం ఇంకో పెట్టె చేశాను: పై వరస 4, 1, కింది వరస 2, 4. బిస్కెట్ల డబ్బా ఎక్కడ దాచానో అంకెల్లో రాసి పెట్టేదాన్ని. విప్పినవాళ్ళకు బిస్కెట్టు. నా కొడుకు అలాగే గుణకారం నేర్చుకున్నాడు, అలాగే లావయ్యాడు.

ఇదిగో లెక్క. 'ర, అ' అంటే 47, 0. ఆ పెట్టెతో గుణిస్తే 188, 94. యాభై తొమ్మిదితో భాగిస్తే శేషాలు 11, 35. 'క, అ' అంటే 19, 0. గుణిస్తే 76, 38. శేషాలు 17, 38. రెండూ వేరు. ఇప్పుడు నా మూడు గుర్తులు తీసేసి యాభై ఆరుతో భాగించండి. మొదటిదానికి శేషాలు 20, 38. రెండోదానికీ 20, 38. ఆ పెట్టె నిర్ధారకం, అంటే నాలుగు నాలుగుల పదహారులోంచి రెండు పోగా, పద్నాలుగు. యాభై ఆరును చక్కగా భాగిస్తుంది. అంటే 'ర' ఏదో 'క' ఏదో ఇక ఆ దేవుడు కూడా చెప్పలేడు.

ఇది ఎందుకు చూపించానో తర్వాతి అంశంలో తెలుస్తుంది.

6. 'రక్ష' గురించి. నా కొడుకు కంపెనీ పెట్టి క్లినిక్కులకు అమ్ముతున్న యంత్రం పేరు 'రక్ష'. రోగి నివేదికను అంకెలుగా మార్చి కాగితం మీద అచ్చువేస్తుంది. ఆ కాగితాన్ని రోగే మోసుకెళ్ళి ఇంకో డాక్టరుకో ఇంట్లోవాళ్ళకో పనిచ్చినవాళ్ళకో ఇవ్వాలి. వాళ్ళు దాన్ని యంత్రానికి చూపించి చదువుకుంటారు. మోసేవాడికి తన ఒంట్లో ఏముందో తెలియదు. దాన్నే గొప్పగా చెప్పుకుంటూ కరపత్రం వేశారు: 'రోగి చేతికే ఇవ్వవచ్చు, రోగి చదవలేడు.' గాడిద మీద చందనం మూట వేసి, గాడిదకు వాసన తెలియదని మురిసిపోయినట్టుంది. గుమ్మం మీది బోర్డుకు ఎక్కించింది కూడా ఈ వాక్యాన్నే. దాని కింద 'అమ్మ చేతి తాళం' అని రాసుంటుంది. ఆ అమ్మను నేనే. నన్ను ఎవరూ అడగలేదు.

నా మూడు గుర్తులు అనవసరమని మొదటి రోజే తీసేశాడు. 'తెలుగుకు యాభై ఆరే కదమ్మా, ఆ మిగతావి దండగ' అన్నాడు. పెట్టె మాత్రం చిన్నప్పటి బిస్కెట్ల పెట్టే. చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అనలేదు. దాంతో వాడి యంత్రంలో 'కాదు'కూ 'రాదు'కూ తేడా పోయింది. నా మనవరాలు, అంటే వాడి కూతురే, ఆ ఆఫీసులో పరీక్షలు చేసే ఉద్యోగం చేసేది. యంత్రం పేరునే దాంట్లో వేసి చూసింది. 'రక్ష' అని వేస్తే ఏ అంకెలు వచ్చాయో, 'కక్ష' అని వేసినా అవే వచ్చాయి. ఆ కాగితం తండ్రి బల్ల మీద పెట్టి, 'నాన్నా, మనం అమ్ముతున్నది ఈ రెంటిలో ఏది?' అని అడిగింది. 'మీ నాన్నమ్మ బుర్ర వచ్చిందనుకున్నా, నోరు కూడా వచ్చిందే' అన్నాడు వాడు. పిల్ల ఆ నెలాఖరుకే ఉద్యోగం మానేసింది.

తర్వాత వాడు పెట్టె మార్చాడు, గుర్తులు మాత్రం తిరిగి పెట్టలేదు. లెక్క పైకి కుదిరింది. కానీ అసలు రోగం వేరే. నాలుగు అంకెల పెట్టెకు ఉన్న బలహీనత ఇంటర్మీడియట్ పిల్లలకు కూడా తెలుసు. ఉత్తరంలో మొదటి నాలుగు అక్షరాలు ఏమిటో తెలిస్తే చాలు, నాలుగు సమీకరణాలు రాసుకుని పెట్టె మొత్తం బయటికి లాగవచ్చు. వాడికి పదిసార్లు చెప్పాను: ఇది ఆటకు పనికొస్తుంది, మామగారి కన్నుగప్పడానికి పనికొస్తుంది, మనుషుల ప్రాణాలకు పనికిరాదు. నిజమైన తాళాలు వేరే ఉన్నాయి, వాటికి వేరే గణితం ఉంది, అది తెలిసినవాళ్ళను పెట్టుకో అని. 'ఎవరు చూడొచ్చారమ్మా' అన్నాడు.

నేను చూడొచ్చాను. కౌంటరు మీద కరపత్రంలో ఇంకో వాక్యం ఉంది: 'ప్రతి నివేదికా గౌరవనీయులైన అన్న సంబోధనతో మర్యాదగా మొదలవుతుంది.' తాళం వేసితిని గొళ్ళెం మరిచితిని. గ, ఔ, ర, అ. ఆ నాలుగు అక్షరాలు చాలు. గౌరవం అన్న మాటతోనే గుట్టు రట్టయింది. నేను రాస్తుంటే కౌంటరు అమ్మాయి చూసి, 'అది మీకు కాదు మామ్మగారూ, మెషీన్‌కి' అంది. ఆ పిల్ల తప్పేం లేదు.

మా ఆయన ఏ రెండు ఉత్తరాలూ ఒకే మాటతో మొదలుపెట్టలేదు. నేను ఒప్పుకోలేదు గనక. ఒకదాన్ని 'గొడుగు' అని, ఒకదాన్ని 'నిన్న పంటి నొప్పి' అని మొదలుపెట్టేవారు. తంతి ఆఫీసులో పనిచేసిన మనిషికి తెలిసింది, ఆయన కొడుక్కి తెలియలేదు.

7. క్లినిక్కు బల్ల మీద నా పక్కన కూర్చున్న అమ్మాయి గురించి. బేకరీలో పనిచేస్తుందట. మోచేతుల దాకా పిండి. ఆమె చేతిలోనూ అంకెల కాగితం ఉంది. నేను పెన్సిలు పెట్టడం చూసి, 'మామ్మగారూ, మీకది చదవడం వచ్చా? నాదీ కాస్త చూసి పెట్టండి. లోపల ఏం చెప్పట్లేదు, మా ఓనరుకు ఇమ్మంటున్నారు' అంది. చూశాను. ఆమె కాగితంలో మొదటి నాలుగు అంకెలూ, నా కాగితంలో మొదటి నాలుగు అంకెలూ ఒకటే. అంటే రోగికో పెట్టె కాదు, అందరికీ కలిపి నా కొడుకు ఒక్క పెట్టె చేశాడు. ఒక్క తాళంచెవితో అందరి ఒళ్ళూ తెరుచుకుంటాయి.

ఆమె కాగితం చదవలేదు. మడిచి ఇచ్చేశాను. 'నేను చదవగలను తల్లీ. నేను చదవగలనంటే మీ ఓనరు కొడుకూ చదవగలడు, మీ ఇంటివాళ్ళూ చదవగలరు. లోపలికెళ్ళి, డాక్టరు తన నోటితో చెప్పేదాకా కుర్చీలోంచి లేవకు' అన్నాను. వెళ్ళింది. చాలాసేపటికి బయటికి వచ్చింది. నా భుజం మీద చేయి వేసి, ఒకసారి నొక్కి వెళ్ళిపోయింది. రవిక మీద పిండి మరక పడింది. దాన్ని ఇంకా ఉతకలేదు.

8. కింది భాగం. పై కారణాల వల్ల, ఇంటి కింది భాగాన్ని నా కొడుక్కి ఒక షరతు మీద ఇస్తున్నాను. 'రక్ష'ను ప్రతి క్లినిక్కు నుంచీ వెనక్కి తీసుకోవాలి. ఇప్పటిదాకా కాగితాలు మోసిన ప్రతి రోగికీ, అది బలహీనమైన తాళమని మామూలు తెలుగులో రాసి పంపాలి. ముద్రణ ఖర్చు వాడిదే. వచ్చే నెల పెద్ద ఆసుపత్రుల వాళ్ళతో ఒప్పందం చేసుకోబోతున్నాడని విన్నాను. ఆ సంతకం పెట్టిన క్షణం నుంచి ఈ అంశం కింద వాడికి ఏ హక్కూ ఉండదు. నేను బతికున్నా పోయినా ఇది వర్తిస్తుంది.

షరతు పాటించకపోతే కింది భాగం నా మనవరాలికి చెందాలి. అయితే తండ్రిని ఖాళీ చేయించే పని కూతురి నెత్తిన పెట్టను. అది అమలుదారు పని, అంటే కోడలిది. మొగుడి సామాను వీధిలో పెట్టగల సమర్థత ఆమెకుంది. నా సామాను విషయంలో నిరూపించుకుంది.

9. మా ఆయన ఉత్తరాలు. బీరువా కింది అరలో, నీలం ట్రంకు పెట్టెలో ఉన్నాయి. వాటికి వాడిన పెట్టె బిస్కెట్ల పెట్టె కాదు. అది వేరే. ఆ నాలుగు అంకెలు ఏ కాగితం మీదా లేవు, నా తలలోనే ఉన్నాయి.

ఈ ఉత్తరాలు నా కొడుక్కి ఇవ్వాలనుకుంటున్నాను. వాళ్ళ నాన్న పోయేటప్పటికి వాడు నిక్కర్లు వేసుకునే వయసు. ఆయన గొంతు తనకు గుర్తు లేదని ఒకసారి నాతో అన్నాడు. ఆ గొంతు ఆ ట్రంకులో ఉంది. నేను పుట్టింటికి పోయిన వారం గురించి ఉంది. వాడు కడుపులో ఉన్నాడని తెలిసిన రోజు రాసింది ఉంది. అందులో యాభై ఎనిమిదులే ఎక్కువ, మాటలు తక్కువ.

దీనికి షరతు ఆస్తి షరతు కాదు. నా ఒంట్లో ఏముందో వాడు నా ఎదుట కూర్చుని, తన నోటితో, నాకు చెప్పాలి. చెబితే ఆ నాలుగు అంకెలూ వాడి చెవిలో చెబుతాను. ఒక నిజానికి ఒక తాళంచెవి. నేను పోయేలోగా చెప్పకపోతే ఆ అంకెలు నాతో పోతాయి, ఉత్తరాలను అమలుదారు కాల్చేయాలి.

కంప్యూటరుతో వెతికితే దొరుకుతుందని తెలుసు. తిరగబడే పెట్టెలు కోటీ పంతొమ్మిది లక్షల చిల్లర. ఇప్పటి యంత్రాలకు అది కాఫీ చల్లారేలోపు పని. అందుకే ఈ తాళం ప్రాణాలకు పనికిరాదని మొత్తుకున్నాను. అలా వెతికి చదివినవాడు వాళ్ళ నాన్న అక్షరాలు చదివినట్టే, వాళ్ళ నాన్నను చదివినట్టు కాదు.

వాడికి నా మీద ప్రేమ లేదని ఎవరూ అనుకోకూడదు. వాడు అబద్ధం చెప్పింది భయంతో. నాకు తెలుసు. చిన్నప్పుడు ప్రోగ్రెస్ కార్డు దాచినప్పుడూ ఇదే మొహం. అయినా ప్రేమ పేరు చెప్పి మనిషి ఒంటిని ఆ మనిషికే అంకెల్లో చూపించడం ప్రేమ కాదు. అది మా మామగారి ఎర్ర సిరా.

10. మనవరాలికి నా నల్లబల్ల, సుద్ద పెట్టె, నా గణితం పుస్తకాలు అన్నీ. మా ఆయన చెక్కిన చెక్క పలక కూడా. నాలుగు గుంటలు, అందులో కూర్చునే అంకెల బిళ్ళలు. ఏడో నంబరు బిళ్ళ పోయింది, దాని బదులు చొక్కా గుండీ వాడుతున్నాం. ఈ పద్ధతి మీద నాకేమైనా హక్కులుంటే అవి కూడా నీకే. అమ్ముకోవద్దు. ఎవరైనా అబ్బాయి ఉత్తరాలు రాస్తే వాడుకో. రెండు ఉత్తరాలు ఒకే మాటతో మొదలుపెట్టేవాడైతే చేసుకోవద్దు.

11. మా కాలేజీ పాత ప్రిన్సిపాలుకు, నా కంటే ఆరేళ్ళ తర్వాత చేరిన తన తోడల్లుణ్ణి విభాగాధిపతిని చేసినాయనకు, ఏమీ ఇవ్వడం లేదు. ఈ అంశాన్ని చదివి వినిపించడానికి మాత్రం ఆయన్ని పిలవాలి. వయసు తొంభై దాటినా చెవులు బాగా వినిపిస్తాయని తెలిసింది.

12. ఫొటో. 'రక్ష' యంత్రం అట్టపెట్టె మీద వేయడానికి నేను నవ్వుతున్న ఫొటో కావాలని కొడుకు అడిగాడు. నా దగ్గర లేదు. నా పోలిక ఏ రూపంలోనూ ఏ సరుకు మీదా వేయరాదని ఇందుమూలంగా నిషేధిస్తున్నాను.

13. శేషం. పైన చెప్పినవి పోగా మిగిలిన చరాస్తి అంతా, బట్టలు, చేతికర్ర, కళ్ళజోడు, గోడ గడియారం, బేకరీ అమ్మాయికి చెందాలి. ఆమె పేరు నాకు తెలియదు. బేకరీ ఎక్కడో కోడలికి చెప్పాను. కళ్ళజోడు ఆమెకు పనికిరాకపోవచ్చు. ఎవరి కాగితం వాళ్ళు చదువుకోవాలని గుర్తు కోసం. 'శేషం ఎంత?' అని క్లాసులో రోజూ అడిగేదాన్నని పిల్లలు నన్ను శేషం టీచరు అనేవాళ్ళు. నాకు తెలియదనుకునేవాళ్ళు.

పై విషయాలన్నీ నేనే రాసి, నేనే చదువుకుని, నాలుగో అంశంలో ఒక అక్షరదోషం దిద్ది, సంతకం చేశాను.

(సంతకం) శేషం టీచరు
2025 నవంబరు 11

సాక్షులు: ఎదురింటి పళ్ళ డాక్టరు, ఇస్త్రీ దుకాణం యజమాని. ఇద్దరూ నేను సంతకం చేస్తుండగా చూశారు. ఇద్దరికీ ఇందులో ఏమీ రాదు. పళ్ళ డాక్టరు అయిదో అంశంలోని లెక్క తనే చేసి చూసుకుని ఒప్పుకున్నాడు.

తర్వాత జరగవలసినవి:

1. ఈ మధ్యాహ్నమే కోడలు నాతో రిజిస్ట్రారు ఆఫీసుకు రావాలి. దారిలో ఒకరితో ఒకరం మాట్లాడుకోనక్కర్లేదు. చేయి మాత్రం పట్టుకోనిస్తాను, మెట్లున్నాయి.

2. ఇందులో ఏముందో కోడలు నా కొడుక్కి చెప్పకూడదు. సైగ, దగ్గు, నిట్టూర్పు, గిన్నెల చప్పుడు, ఏవీ కుదరవు.

3. కూతురు రేపటి నుంచి కూరల్లో ఉప్పు మామూలుగా వేయాలి.

4. గుమ్మం మీది బోర్డులో 'అమ్మ చేతి తాళం' అన్న వరసను శుక్రవారంలోగా చెరిపించాలి. ఎవరూ చెరపకపోతే సుద్దముక్కతో నేనే కొట్టేస్తాను. తప్పు లెక్కలు కొట్టేయడం నాకు అలవాటే.

5. నేను పోయాక నా గురించి ఏ కాగితం అచ్చువేసినా 'గౌరవనీయులైన' అని మొదలుపెట్టకూడదు.

6. ఆదివారం సాయంత్రం నా కొడుకు టీ తాగడానికి వంటింట్లోకి వస్తాడు. అంకెల కాగితాన్ని వాడి ముందు, కప్పు పక్కన పెడతాను. ఏమీ అడగను. నాకు తెలుసని చెప్పను. కోడలు స్టవ్ ఆపి పక్కగదిలోకి వెళ్ళాలి. వాడు కాగితం వంక చూస్తాడు, నా వంక చూస్తాడు. చెప్పడానికి వాడికి ఎంతసేపు పట్టినా నేను స్టూలు మీదే ఉంటాను. యాభై ఎనిమిది.